ప్రొడ్యూసర్ మెచ్చుకోలును ఎంతవరకు నమ్మాలి?

పాఠకుల ప్రశ్నలు – సంగీతం

ప్రశ్న: తిరుపతి బాలాజీ కాలనీలో మేము కొందరం స్నేహితులం ఒక విదేశీ రాక్ బ్యాండుకు కాలేజీ రోజుల నుంచి అభిమానులం. ఆ బ్యాండు కొత్త ఆల్బమ్ ఇంకా విడుదల కాలేదు. ఈలోగా దాని ప్రొడ్యూసర్ ఒక ఇంటర్వ్యూలో మూడు సంగతులు చెప్పారు. రెండో ఆల్బమ్ తర్వాత ఈ బ్యాండు ఇంత గొప్ప పని చేయలేదట. నలుగురినీ ఒకే గదిలో నిలబెట్టి, క్లిక్ ట్రాక్ (వేగం తప్పకుండా చెవిలో టిక్కు టిక్కుమనే కొలత) లేకుండా రికార్డు చేశారట. రెండు పాటల్లో కోరస్ (మన పల్లవిలా మళ్లీ మళ్లీ వచ్చే భాగం) అన్నదే లేదట. మాలో సగం మంది ఈ మాటలు విని పండగ చేసుకుంటున్నారు. మిగిలినవాళ్లు మాత్రం తన సరుకును తాను మెచ్చుకోని వ్యాపారి ఎక్కడైనా ఉంటాడా అని కొట్టిపారేస్తున్నారు. మాటా మాటా పెరిగి ఇద్దరు మిత్రులు పలకరించుకోవడం కూడా మానేశారు. ఇంతకీ ప్రొడ్యూసర్ ప్రశంసకు విలువ ఉందా, లేదా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: విలువ ఉంది. అయితే ఆయన చెప్పిన మూడు మాటలకూ ఒకే విలువ లేదు. ఆ మూడింటినీ ఒక్క మూటగా కట్టి, మొత్తంగా నమ్మాలా, మొత్తంగా పారేయాలా అని వాదించుకోవడం వల్లనే మీ మధ్య గొడవ ముదిరిందని నాకు తోస్తోంది. మీ ఉత్తరంలో బ్యాండు పేరు ఉన్నప్పటికీ, ఇంకా ఎవరూ వినని ఆల్బమ్ మీద ముందుగానే ఒక ముద్ర పడకూడదన్న ఉద్దేశంతో ఇక్కడ ఆ పేరు తీసేశాము.

ఆల్బమ్ ప్రొడ్యూసర్ మాటను తూచాలంటే ముందు ఆయన చేసే పని తెలియాలి. ఈయన సినిమాకు డబ్బు పెట్టే నిర్మాత వంటి వ్యక్తి కాదు. బ్యాండు తెచ్చిన పాతిక ముప్పై ముడి పాటల్లో ఆల్బమ్‌కు నిలిచేవి ఏ పది పన్నెండో చూడటం, ఒక పాట శ్రుతి గాయకుడి గొంతుకు మించిపోయిందా, నడక మరీ నెమ్మదించిందా అని తేల్చడం, ఏ వాయిద్యం ఎక్కడ ప్రవేశించి ఎక్కడ తప్పుకోవాలో చెప్పడం, వాయించినవాళ్లకు తృప్తిగా అనిపించిన టేకును కూడా ఇంకొకసారి వాయించమని ఒప్పించడం, వాళ్లలో వాళ్లకు మనస్పర్థలు వస్తే పని ఆగకుండా చూడటం, ఇవన్నీ ఆయన బాధ్యతలే. మన సినిమా పాటల వ్యవహారంలో సంగీత దర్శకుడు చేసే పనిలో చాలా భాగం, స్వరకల్పన మినహా, ఈయన చేతిలో ఉంటుందని అనుకోవచ్చు.

ఆ పని ఎంత దగ్గరగా జరుగుతుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. గాయకుడు ఒక చరణాన్ని పదిహేనుసార్లు పాడాడనుకోండి. ప్రొడ్యూసర్, ఇంజినీరు కూర్చుని ఆ పదిహేను టేకులనూ పాదం పాదంగా వింటారు. మూడో టేకులో మొదటి పాదం నిండుగా పలుకుతుంది. పదకొండో టేకులో చివరి మాట దగ్గరికి వచ్చేసరికి ఊపిరి చాలక గొంతు కాస్త బొంగురుపోతుంది. సాంకేతికంగా అది తప్పే అయినా, పాటలోని బాధ అంతా ఆ బొంగురులోనే పలికిందని ప్రొడ్యూసర్‌కు అనిపిస్తే అదే ఉంచుతారు. మధ్య పాదాన్ని ఏడో టేకు నుంచి తీసుకుంటారు. ఇలా అతికిన చరణం అతుకు తెలియకుండా ఒక్క ఊపిరిలో పాడినట్టు వినిపించేవరకు వింటూనే ఉంటారు. తర్వాత స్టూడియోలోని పెద్ద స్పీకర్ల మీద ఒకసారి, కారులో ఒకసారి, ఫోను స్పీకరులో ఒకసారి విని చూస్తారు. ఆల్బమ్ పూర్తయ్యేసరికి ఒక్కొక్క పాటను ఆయన కొన్ని వందల సార్లు వింటారనడంలో అతిశయోక్తి లేదు.

దీనివల్ల ఆయనకు మనకు లేని జ్ఞానం ఒకటి ఉంటుంది, మనకు లేని ఇబ్బంది కూడా ఒకటి ఉంటుంది. ఆ పాట మొదటి రోజు ఎంత కుంటుతూ వచ్చిందో ఆయనకు తెలుసు. ఎవరికీ నచ్చక పక్కన పెట్టిన పాట ఒక రాత్రి డ్రమ్మర్ నడక మార్చి వాయించగానే ఎలా లేచి కూర్చుందో ఆయన కళ్లారా చూశారు. కాబట్టి ఆయన సంతోషం ఆ మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు పాట నడిచిన దూరాన్ని బట్టి ఉంటుంది. ఆ దూరంతో మనకు పని లేదు. మన చెవికి చేరేది చివరి పాట ఒక్కటే. రెండో ఆల్బమ్ తర్వాత ఇదే గొప్పదని ఆయన అన్నప్పుడు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. తాను పడిన శ్రమ, బ్యాండు చూపిన పట్టుదల, రెండూ కలిపి ఆయన తూచారు. ఆ తూకం ఆయనకు సరైనదే గాని, దాన్ని మీరు మీ తూకంగా తీసుకోనక్కరలేదు.

ఇలాంటి మెచ్చుకోలు నిజమైన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. 1962 నవంబరులో లండన్‌లో ఈఎంఐ అనే రికార్డు కంపెనీ స్టూడియోలో బీటిల్స్ బ్యాండు తమ రెండో సింగిల్‌ను (ఆల్బమ్‌గా కాక విడిగా విడుదల చేసే పాటను) రికార్డు చేసి ముగించగానే, కంట్రోల్ గదిలో ఉన్న ప్రొడ్యూసర్ జార్జ్ మార్టిన్, మీ మొదటి నంబర్ వన్ రికార్డును ఇప్పుడే చేశారని మైకులో వాళ్లకు చెప్పారు. 1963 జనవరిలో విడుదలైన ఆ పాట అప్పటి బ్రిటిష్ పత్రికల అమ్మకాల పట్టికల్లో రెండింట మొదటి స్థానానికి చేరింది, మరొకదానిలో రెండో స్థానం దగ్గర ఆగింది. ఈ సంఘటనలో రెండు సంగతులు గమనించాలి. ఆ పాట మొదట చాలా నెమ్మదిగా, దిగులుగా ఉండేది. వేగం పెంచమని సూచించింది మార్టినే. అంటే ఆయన మెచ్చుకున్నది తాను చేయించిన మార్పు ఫలించిన తీరును. రెండోది ఇంకా ముఖ్యమైనది: ఆ మాట ఆయన పత్రికలవాళ్లతో అనలేదు, చెమటలు కక్కి వాయించిన కుర్రవాళ్లతో అన్నారు. గదిలోపల కళాకారుడికి చెప్పిన ప్రశంసకూ, విడుదలకు ముందు కొనుగోలుదారుడికి చెప్పిన ప్రశంసకూ మాటలు ఒకటే కావచ్చు గాని, వాటి పని వేరు.

ఇక మిగిలిన రెండు మాటల సంగతి. నలుగురూ ఒకే గదిలో కలిసి వాయించారన్నది, క్లిక్ ట్రాక్ వాడలేదన్నది, రెండు పాటలకు కోరస్ లేదన్నది ప్రశంసలు కావు, సమాచారం. చెవిలో టిక్కు టిక్కుమనే కొలతకు కట్టుబడి ఒక్కొక్కరు విడివిడిగా వాయిస్తే, ఏ ఒక్కరు తప్పినా ఆ ఒక్క ట్రాకునే దిద్దుకోవచ్చు. ఒకే గదిలో కలిసి వాయిస్తే డ్రమ్స్ శబ్దం గిటార్ మైకులోకి, గిటార్ శబ్దం డ్రమ్స్ మైకులోకి చొరబడుతుంది. ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచి వాయించవలసిందే. అంత కష్టానికి సిద్ధపడ్డారంటే ఆ బ్యాండు ఈసారి నునుపుదనం కంటే జీవాన్ని కోరుకుందని అర్థం చేసుకోవచ్చు. మీ స్నేహితుల్లో ఎవరికి అలాంటి ముడి ధ్వని ఇష్టమో వాళ్లు ఎదురుచూడటానికి తగిన కారణం ఉంది. ఎవరికి బ్యాండు వెనుకటి ఆల్బమ్‌లలోని శుభ్రత నచ్చిందో వాళ్లు జంకడానికీ కారణం ఉంది. మీరు వాదించుకోవలసింది దీని మీద. ఆయన గొప్పదన్నాడా లేదా అన్న దాని మీద ఎంతసేపు వాదించినా, పాట వినకుండా ఎవరూ గెలవలేరు.

ప్రశ్న: ప్రొడ్యూసర్లకు అమ్మకాల్లో వాటా ఉంటుందంటారు. అలాంటప్పుడు వాళ్ల మాటను ప్రకటనగానే తీసుకోవాలి కదా? ఇందులో ఇంత ఆలోచించవలసింది ఏముంది?
– ఒక పాఠకురాలు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: వాటా ఉంటుందన్న మాట నిజమే. పాశ్చాత్య దేశాల్లో పేరున్న ప్రొడ్యూసర్‌కు ముందుగా ఇచ్చే పారితోషికం కాక, రికార్డు అమ్మకాల రాయల్టీలో సాధారణంగా మూడు నుంచి ఐదు శాతం దాకా ఒప్పందంలో రాసుకుంటారు. అది మనసులో పెట్టుకుని వినడం వివేకమే. కాని డబ్బు ముట్టింది కాబట్టి మాట అబద్ధమని తేల్చేయడం కూడా తొందరపాటే. ఎందుకంటే వాటా లేనివాళ్లు కూడా మెచ్చుకున్నారు, వాటా లేనివాళ్ల మాట వల్ల కూడా పెద్ద గొడవలు జరిగాయి.

పైన చెప్పిన జార్జ్ మార్టిన్ అప్పట్లో ఈఎంఐలో నెలజీతం ఉద్యోగి. ఆ రికార్డు లక్షల్లో అమ్ముడుపోయినా ఆయనకు రాయల్టీ రాదు. ఆ అసంతృప్తితోనే 1965లో ఆయన బయటికి వచ్చి మరికొందరితో కలిసి సొంత సంస్థ పెట్టుకున్నారు. అమెరికా రికార్డింగ్ ఇంజినీరు స్టీవ్ ఆల్బినీ ఇంకొక అడుగు ముందుకు వేసిన మనిషి. నిర్వాణ బ్యాండు 1993లో తన మూడో ఆల్బమ్ కోసం ఆయన్ను పిలిచినప్పుడు, ఒకేసారి లక్ష డాలర్లు తీసుకుంటాను గాని అమ్మకాల్లో నాకు వాటా వద్దు, అలా తీసుకోవడం ధర్మం కాదు అని ముందే బ్యాండుకు ఉత్తరం రాశారు. తనను ప్రొడ్యూసర్ అని పిలిపించుకోవడానికి కూడా ఆయన ఇష్టపడలేదు. రికార్డు చేసినవాడినని మాత్రమే చెప్పుకున్నారు. మినెసోటాలోని ఒక స్టూడియోలో సుమారు రెండు వారాల్లో ఆ పని ముగిసింది.

ఆ తర్వాత జరిగింది మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోతుంది. ఆల్బమ్ విడుదల కావడానికి కొన్ని నెలల ముందే, రికార్డు కంపెనీకి ఈ ధ్వని నచ్చలేదని, దీన్ని ఉన్నది ఉన్నట్టుగా విడుదల చేస్తారన్న నమ్మకం తనకు లేదని ఆల్బినీ ఒక పత్రికతో అన్నారు. అంతటితో వినని ఆల్బమ్ మీద దేశమంతా చర్చ మొదలైంది. నిజానికి బ్యాండుకు కూడా గొంతు, బాస్ గిటార్ కొంచెం వెనకబడ్డాయన్న సందేహం కలిగింది. చివరికి రెండు పాటలను స్కాట్ లిట్ అనే మరొక ప్రొడ్యూసర్ చేత మళ్లీ మిక్స్ చేయించారు, అంటే విడివిడి ట్రాకుల హెచ్చుతగ్గులు సరిచూసి కలిపించారు; మిగిలిన పాటల ధ్వనిని చివరి అంచె అయిన మాస్టరింగ్‌లో సరిచేశారు. సెప్టెంబరులో విడుదలైన ఆ ఆల్బమ్ అమెరికా పట్టికలో నేరుగా మొదటి స్థానంలోకి వచ్చింది. ఆల్బినీకి అమ్మకాల మీద ఒక్క డాలరు ఆశ లేదు, అయినా ఆయన మాటలో పక్షపాతం లేకపోలేదు. తాను పట్టుకున్న ధ్వనిని ఇంకొకరు ముట్టుకోకూడదన్న మమకారం అది. కాబట్టి డబ్బును మాత్రమే వెతికితే మనిషి మాటలోని మొగ్గు మనకు పూర్తిగా దొరకదు. తన చేతి పని మీద ఉండే ప్రేమ డబ్బు కంటే బలమైన మొగ్గు. ఆ ప్రేమను నేను తప్పుపట్టను. అది లేని ప్రొడ్యూసర్ చేతిలో ఏ బ్యాండూ బాగుపడదు.

ప్రశ్న: ప్రొడ్యూసర్ విన్నదీ, మనం వినబోయేదీ ఒకటేనా? మధ్యలో మార్పులు జరుగుతాయా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, పుత్తూరు

జవాబు: చాలా సందర్భాల్లో ఒకటి కాదు. ప్రొడ్యూసర్ ఇంటర్వ్యూ ఇచ్చే సమయానికి మిక్సింగ్ పూర్తయి ఉండకపోవచ్చు, పాటల వరుస తేలకపోవచ్చు, ఒకటి రెండు పాటలు చివర్లో తప్పుకోవచ్చు. అన్నీ అయ్యాక మాస్టరింగ్ ఇంజినీరు మొత్తం ఆల్బమ్ ధ్వనిని ఒక స్థాయికి తెస్తారు.

ఈ చివరి అంచెల్లో ఎంత మారిపోగలదో 2008 సెప్టెంబరులో విడుదలైన మెటాలికా అనే రాక్ బ్యాండు ఆల్బమ్ చెబుతుంది. దానికి ప్రొడ్యూసర్ రిక్ రూబిన్. బ్యాండు తన 1980ల నాటి ధాటికి తిరిగి వచ్చిందని అభిమానులు ఆనందించినా, ధ్వని మాత్రం చెవులను బాధించింది. శబ్దాన్ని మరీ పెద్దది చేయాలన్న పట్టుదలతో నెమ్మది భాగాలను కూడా పైకి లేపి, డ్రమ్స్ దెబ్బల శిఖరాలను కత్తిరించేసినట్టు నొక్కడం వల్ల, గట్టిగా వాయించిన చోట ధ్వని పగిలి గరగరలాడింది. సరిగ్గా అదే సమయంలో ఆ పాటలు గిటార్ హీరో అనే వీడియో గేమ్‌లో కూడా వచ్చాయి. గేమ్‌లోని పాటలకు ఆ నొక్కుడు అంతగా పడలేదు. అభిమానులు రెండింటినీ పక్కపక్కన పెట్టి విని, గేమ్‌లోని ధ్వనే బాగుందని గుర్తించి, ఆల్బమ్‌ను మళ్లీ మిక్స్ చేయాలని వేల సంఖ్యలో సంతకాలు పెట్టారు. మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సెన్, తన దగ్గరికి వచ్చేసరికే మిక్సులు ఆ స్థితిలో ఉన్నాయని చెప్పారు. పాటలు బాగున్నాయన్నవాళ్లూ, వినలేకపోతున్నామన్నవాళ్లూ ఇద్దరూ నిజమే చెప్పారు. ఏ ప్రశంసా ఈ సంగతిని ముందుగా చెప్పలేకపోయింది, అభిమానుల చెవులే పట్టుకున్నాయి.

యూ2 బ్యాండు 2009 ఆల్బమ్ ఇంకొక తీరు. బ్రయన్ ఈనో, డేనియల్ లాన్వా దానికి ప్రొడ్యూసర్లే కాక పాటల రచనలో కూడా భాగస్వాములు. 2007లో మొరాకోలోని ఫెజ్ నగరంలో పని మొదలైంది. 2008 చివర్లో రావలసిన ఆల్బమ్ 2009 ఫిబ్రవరికి జరిగింది. ఈ మధ్య కాలంలో ఫెజ్‌లో పుట్టిన ప్రయోగాల పక్కన, రేడియోకు సరిపోయే పాటలు కూడా చేరాయి. విమర్శకుల్లో చాలామంది మెచ్చుకున్నారు, అమ్మకాలు మాత్రం వెనుకటి ఆల్బమ్ కంటే బాగా తగ్గాయి. ఫెజ్ గదిలో కూర్చున్న మనిషి ఉత్సాహం ఎంత నిజమైనదైనా, రెండేళ్ల తర్వాత కొన్నవాడి చేతికి వచ్చింది అచ్చంగా ఆ గదిలో పుట్టినది కాదు.

ప్రశ్న: ఈ మాటలు నమ్మి ఖరీదైన వైనల్ రికార్డు (గ్రామఫోను పళ్లెం) ముందుగా బుక్ చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: దాచుకోవడం కోసమైతే చేసుకోండి, పరిమితంగా వేసే ప్రతులు తర్వాత దొరక్కపోవచ్చు. పాటలు బాగుంటాయో లేదో తెలుసుకోవడం కోసమైతే అవసరం లేదు. 2015 జూలై నుంచి ప్రపంచవ్యాప్తంగా కొత్త ఆల్బమ్‌లు శుక్రవారం విడుదలవుతున్నాయి, అదే రోజు మీ ఫోనులోనూ వినిపిస్తాయి. విదేశాల నుంచి తెప్పించే రికార్డుకు ధర కాక రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కూడా పడతాయని లెక్కలో పెట్టుకోండి.

ప్రశ్న: నేను పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతాను. మా అబ్బాయి, వాడి స్నేహితులు ఇలాంటి ఇంటర్వ్యూలు ఒక్కటి కూడా వదలకుండా చదువుతారు. పాట వినకముందే ఇన్ని మాటలు వింటే చెవి పాడవుతుందేమోనని నా భయం.
– ఒక సంగీత ఉపాధ్యాయిని, తిరుపతి

జవాబు: మీ భయంలో న్యాయం ఉందమ్మా. మహతి ఆడిటోరియంలో ఒక అమ్మాయి అరంగేట్రానికి వెళ్లారనుకోండి. కచేరీకి ముందే గురువుగారు వేదిక ఎక్కి, ఈ పిల్ల తోడి రాగాన్ని అద్భుతంగా పాడుతుందని చెబితే, తోడి వచ్చేవరకు సభలో సగం మంది మిగిలిన రాగాలను అన్యమనస్కంగానే వింటారు. తోడి వచ్చాక మెచ్చుకోవడానికి ముందే సిద్ధపడి ఉంటారు. అదే గురువుగారు, ఈ పిల్ల ఈ రోజు పల్లవిని నాలుగు కళల చౌకంలో, అంటే చాలా నెమ్మదైన నడకలో, పాడబోతోందని చెబితే, శ్రోత చెవి పదునెక్కుతుంది. మొదటిది తీర్పు, రెండోది దారి చూపడం. అబ్బాయిలకు ఈ తేడా మీరు చెబితే నేను రాసినదానికంటే బాగా పడుతుంది.

ఇంకొకటి. మన తిరుపతి శ్రోతకు ముందుమాట లేకుండా వినే అలవాటు కొత్తది కాదు. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరు ఉంటుంది గాని స్వరం ఉండదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు వంటి పెద్దలు ఆ సాహిత్యాలకు వరుసలు కట్టారు. వేర్వేరు విద్వాంసుల వరుసలు ఉన్న కీర్తనను విన్నప్పుడు, ఏ వరుస సాహిత్యాన్ని ఎక్కువ పలికించిందో మీ తరంవాళ్లు విని, పాడి చూసుకుని తేల్చుకున్నారు. మీ అబ్బాయికి ఆ పద్ధతే నేర్పండి.

మొదటి ఉత్తరం రాసిన బాలాజీ కాలనీ మిత్రులకు కూడా దీన్నే వర్తింపజేసి ఒక సలహా ఇస్తాను. విడుదలైన శుక్రవారం పలకరించుకోని ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎవరూ మధ్యలో మాట్లాడకుండా ఆల్బమ్ మొదటి నుంచి చివరి వరకు వినండి. రెండోసారి వింటున్నప్పుడు తాళం తెలిసిన ఒకరు పాట మొదట్లో చేత్తో కొలత పట్టుకుని, ఫోనులోని మెట్రోనోమ్‌ను (టిక్కు టిక్కుమని కొలత చూపే సాధనాన్ని) ఆ వేగానికి కుదిర్చి చివరిదాకా నడపనివ్వండి. క్లిక్ ట్రాక్ లేకుండా వాయించిన పాట అయితే, ఉద్వేగం పెరిగే చోట బ్యాండు ఆ కొలత కంటే కొంచెం ముందుకు జరుగుతుంది, నెమ్మదించే చోట వెనక్కి తగ్గుతుంది. కోరస్ లేదన్న ఆ రెండు పాటలు ఏవో కూడా అప్పుడే తెలిసిపోతాయి. ఆ తర్వాత, అలా వాయించడం వల్ల పాట బాగుపడిందా, చెడిందా అన్న దాని మీద ఎంతసేపైనా వాదించుకోండి.